ఐరన్ ఆర్మర్ మీద డైమండ్ కత్తా, గొడ్డలా? హార్ట్స్ లెక్క తేలట్లేదు

మలక్‌పేట్_మైనర్ | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. గేమ్ మైన్‌క్రాఫ్ట్, జావా ఎడిషన్, 1.21. మాది చిన్న సర్వర్. మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ దోస్తులమే ఉంటాం, శనివారం రాత్రి ఒకరినొకరు కొట్టుకుంటాం. ఈమధ్య ఒక లొల్లి మొదలైంది. సగం మంది డైమండ్ కత్తే గొప్ప అంటారు, సగం మంది డైమండ్ గొడ్డలి అంటారు. ఓడిన బ్యాచ్ బిర్యానీ పెట్టాలి. అందుకే నోటిమాటలు వద్దు, పరీక్ష పెట్టి తేల్చుకుందాం అనుకున్నాం.

మా తమ్ముడు ఫుల్ ఐరన్ వేసుకుని కదలకుండా నిలబడతాడు. ఎన్‌చాంట్‌మెంట్ (వస్తువుకి అదనపు బలమిచ్చే మంత్రం) ఏదీ లేదు. కొట్టిన ప్రతిసారీ ఖాళీ అయ్యి మళ్ళీ నిండే కత్తి బార్ ఉంటుంది కదా, నేను అది పూర్తిగా నిండాక, నేల మీద నిలబడే కొడతాను. ప్రతి దెబ్బకీ హార్ట్స్ ఎన్ని తగ్గాయో వాడే చూసి చెబుతాడు. నేచురల్ రీజనరేషన్ ఆపేశాం కాబట్టి మధ్యలో పెరిగే ఛాన్స్ లేదు.

వచ్చిన లెక్క: మొదటి దెబ్బకి ఒకటిన్నర హార్ట్. రెండు, మూడు, నాలుగు దెబ్బలకి రెండేసి. ఐదోదానికి మళ్ళీ ఒకటిన్నర. ఆరో దెబ్బకి పోయాడు. ఇంకోసారి మొదటి నుంచి కొట్టినా అచ్చం ఇదే వరస. లాగ్ అనుకుందామంటే ప్రతిసారీ ఒకేలా రాకూడదు. రాండమ్ అనుకున్నా అంతే. ఒకే కత్తి, ఒకే కవచం, దెబ్బకో రకంగా ఎందుకు తగ్గుతోంది? ఇంతకీ కత్తి డ్యామేజ్ ఎంతనుకోవాలి?

అర్ధరాత్రి_బిర్యానీ | రాత్రి 9:18

ఆ తమ్ముడికి ముందు ఒక ప్లేట్ పెట్టు భయ్యా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కవచకుండలం | రాత్రి 9:31

ఇందులో పరేషాన్ అవ్వాల్సింది ఏముంది? ఫుల్ ఐరన్ 15 పాయింట్లు, పాయింటుకి 4 శాతం, మొత్తం 60 శాతం ఆపుతుంది. డైమండ్ కత్తి 7. అందులో 40 శాతం అంటే 2.8. నువ్వు గెంతుతూ కొట్టి ఉంటావు, క్రిట్ (గెంతి దిగుతూ కొడితే పడే పెద్ద దెబ్బ) పడి ఎక్కువ తగ్గింది.

మలక్‌పేట్_మైనర్ | రాత్రి 9:36

గెంతలేదు అన్నా. రికార్డింగ్ కూడా ఉంది. పైగా దెబ్బకి 2.8 అయితే చావడానికి 8 దెబ్బలు పట్టాలి కదా? 6కే అయిపోయింది.

లెక్కల_పంతులు | రాత్రి 10:02

మైనర్, నీ పరీక్షలో తప్పేమీ లేదు. చూస్తున్న చోటులోనే కిరికిరి ఉంది. తెర మీద హార్ట్స్ బార్ సగం హార్ట్ కంటే చిన్న ముక్కలు చూపించదు. లోపల ప్రాణం దశాంశాల్లో నడుస్తుంది. బయటికి మాత్రం పై అంకెకి సర్ది చూపిస్తుంది.

నీ కత్తికి ఫుల్ ఐరన్ మీద దెబ్బకి 3.78 పడుతుంది. ఎలాగో కింద చెబుతాను. పది హార్ట్స్ అంటే 20 పాయింట్లు, ఆ 20 నుంచి తీస్తూ పో:

మొదటి దెబ్బ తర్వాత 16.22, తెర మీద 17. అంటే 3 తగ్గినట్టు, ఒకటిన్నర హార్ట్.
రెండో దెబ్బకి 12.44, తెర మీద 13. 4 తగ్గినట్టు.
మూడు, 8.66. తెర మీద 9.
నాలుగు, 4.88. తెర మీద 5.
ఐదు, 1.10. తెర మీద 2. మళ్ళీ 3 తగ్గినట్టే.
ఆరోదానికి ఖతం.

నువ్వు రాసిన వరస ఇదే. తెర మీద ఒక హార్ట్ మిగిలిందని మీ తమ్ముడు అనుకున్నప్పుడు వాడి దగ్గర నిజంగా ఉన్నది సగానికి కాస్త పైన. ఇక నుంచి హార్ట్స్ లెక్కపెట్టకండి. డేటా గెట్ ఎంటిటీ కమాండ్‌తో హెల్త్ చూడండి, దశాంశాలతో సహా వస్తుంది.

ఇక 3.78 సంగతి. కుండలం గారు చెప్పిన పాయింటుకి 4 శాతం లెక్క జావాలో 1.8 వరకు నిజం. 2016 ఫిబ్రవరి 29న వచ్చిన 1.9 తో అది పోయింది. ఇప్పుడు దెబ్బ ఎంత పెద్దదైతే ఆర్మర్ అంత తక్కువ ఆపుతుంది. టఫ్‌నెస్ (పెద్ద దెబ్బని తట్టుకునే గుణం) లేని ఐరన్ లాంటి ఆర్మర్‌కి లెక్క ఇలా: దెబ్బని 2తో భాగించు, వచ్చినదాన్ని ఆర్మర్ పాయింట్లలోంచి తీసెయ్. మిగిలిన పాయింట్లే ఒక్కోటి 4 శాతం చొప్పున ఆపుతాయి. కత్తి 7, సగం 3.5. 15 లోంచి 3.5 పోతే 11.5. అంటే 46 శాతం ఆగింది, 54 శాతం పడింది. 7లో 54 శాతం 3.78.

డైమండ్‌కి టఫ్‌నెస్ మొత్తం 8, అక్కడ 2 బదులు 4తో భాగించాలి. నెథరైట్‌కి టఫ్‌నెస్ 12, 5తో భాగించాలి. పాయింట్లు రెండింటికీ 20.

కవచకుండలం | రాత్రి 10:15

పంతులు గారూ, నేను 1.8 సర్వర్లలో పెరిగినవాడిని. ఇప్పటికీ అదే ఆడతాను. క్లిక్కులు కొట్టుకుంటూ పోవడమే, బార్ నిండే దాకా కూర్చునే ఓపిక నాకు లేదు. అయితే ఫుల్ ఐరన్ అంటే 60 శాతం అని గుడ్డిగా అనుకోవడానికి లేదన్నమాట. వెయ్యబోయే దెబ్బ తెలియకుండా ఐరన్ ఎంత ఆపుతుందో చెప్పలేం.

లెక్కల_పంతులు | రాత్రి 10:21

అంతే. చిన్న దెబ్బకి మీ 60కి దగ్గరగా వస్తుంది, పెద్ద దెబ్బకి జారిపోతుంది.

ఉప్పల్_చిన్నోడు | రాత్రి 10:40

అన్నా నాది ఫోన్‌లో గేమ్. మా ఇంట్లో చెల్లిని పెట్టి చూశాను, మీరు చెప్పిన ఏ నంబరూ రాలేదు. పైగా గొడ్డలి కంటే కత్తికే ఎక్కువ పోతోంది. నా ఫోన్ పాడైందా?

నెదర్_నాగన్న | రాత్రి 10:48

ఫోన్ బాగానే ఉంది తమ్మీ. నీది బెడ్‌రాక్ ఎడిషన్. అక్కడ కూల్‌డౌనే, అంటే బార్ నిండే దాకా ఆగడమే, లేదు, ఎంత వేగంగా కొడితే అంత. డైమండ్ కత్తి 8, గొడ్డలి 7. ఆర్మర్ కూడా పాయింటుకి 4 శాతం, పాత పద్ధతే. షార్ప్‌నెస్ (డ్యామేజ్ పెంచే ఎన్‌చాంట్‌మెంట్) కూడా అక్కడ లెవెల్‌కి 1.25 చొప్పున కలుస్తుంది. జావాలో మొదటి లెవెల్‌కి 1, తర్వాత ప్రతి లెవెల్‌కి అర. ఈ రెండు గేముల నంబర్లు ఒక దగ్గర వేస్తే ఈ థ్రెడ్ తెల్లారినా తెగదు. నీ దగ్గర కత్తే పట్టుకో, ఆలోచించకు.

మలక్‌పేట్_మైనర్ | సోమవారం, రాత్రి 8:55

గొడ్డలితో కూడా కొట్టి చూశాం, ఈసారి పంతులు గారు చెప్పిన కమాండ్‌తో. డైమండ్ గొడ్డలి, ఫుల్ ఐరన్, గెంతకుండా: 14.78, 9.56, 4.34, తర్వాత శవం. అంటే దెబ్బకి 5.22. నాలుగు దెబ్బలే! గొడ్డలి బ్యాచ్ అప్పుడే మెనూ చూడటం మొదలుపెట్టింది.

ఎల్బీనగర్_ఎండర్ | రాత్రి 9:07

ఆగండి ఆగండి. దెబ్బలు లెక్కపెట్టి గెలిచామంటే ఎలా? కత్తి సెకనుకి 1.6 సార్లు, డైమండ్ గొడ్డలి సెకనుకి ఒకసారి. ఐరన్ మీద కత్తికి 3.78 ఇంటూ 1.6, అంటే సెకనుకి 6.05. గొడ్డలికి 5.22. కత్తి బ్యాచ్ స్పష్టంగా ముందుంది. గొడ్డలి వాళ్ళు మెనూ మూసి, బిల్లు చూసుకోవచ్చు.

లెక్కల_పంతులు | రాత్రి 9:33

ఎండర్, సెకనుకి ఎంత అనే లెక్క ఎప్పటికీ చావని శత్రువు మీద పనికొస్తుంది. 20 పాయింట్లున్న మనిషి మీద చూడాల్సింది ఎన్నో దెబ్బకి పోతాడు, ఆ దెబ్బ ఎప్పుడు పడుతుంది అని.

కత్తికి 6 దెబ్బలు కావాలి. మొదటి దెబ్బకి ఆగక్కర్లేదు, బార్ నిండే ఉంటుంది. అంటే 6 దెబ్బల మధ్య 5 విరామాలు, ఒక్కోటి 0.625 సెకన్లు, మొత్తం 3.125. గొడ్డలికి 4 దెబ్బలు, 3 విరామాలు, 3 సెకన్లు. నీ లెక్కలో కత్తి చాలా ముందుంది. గడియారం పెట్టి చూస్తే గొడ్డలి వెంట్రుకవాసి ముందుంది, చేతి తేడాలు కలిపితే ఇద్దరూ సమానమనే అనాలి. పైగా కత్తి ఆరో దెబ్బకి ముందు 1.10 మాత్రమే మిగిలింది. ఒక్క పాయింటు చిల్లర కోసం ఒక విరామం మొత్తం వృథా.

ఇదే పరీక్ష డైమండ్ ఆర్మర్ మీద వేస్తే తిరగబడుతుంది. కత్తికి దెబ్బకి 1.89, 11 దెబ్బలు, 6.25 సెకన్లు. గొడ్డలికి 2.61, 8 దెబ్బలు, 7 సెకన్లు.

ఎల్బీనగర్_ఎండర్ | రాత్రి 9:41

అంటే డైమండ్ వేసుకున్నవాడి మీద కత్తి గెలిచింది కదా. పెద్ద దెబ్బకే ఆర్మర్ జారిపోతుందని నిన్న మీరే చెప్పారు. మరి ఇక్కడ గొడ్డలిది పెద్ద దెబ్బే, ఎందుకు ఓడింది?

లెక్కల_పంతులు | రాత్రి 9:58

టఫ్‌నెస్. ఐరన్ మీద గొడ్డలి దెబ్బ 4.5 పాయింట్లు లాగేసింది. డైమండ్ మీద అదే దెబ్బ లాగగలిగింది 2.25. పెద్ద దెబ్బకి ఉండే లాభాన్ని తగ్గించడమే టఫ్‌నెస్ పని.

దీనికో అడుగు, అంటే కింది హద్దు, కూడా ఉంది. దెబ్బ ఎంత పెద్దదైనా ఆర్మర్ తన పాయింట్లలో ఐదో వంతు కంటే కిందికి పోదు. ఐరన్‌కి అది 3, అంటే 12 శాతం. 24 డ్యామేజ్ దగ్గరే ఐరన్ ఆ అడుగుకి చేరుతుంది. ఫుల్ డైమండ్ అడుగుకి చేరాలంటే దెబ్బ 64 ఉండాలి. మామూలు గొడ్డలితో అది కలలో మాట.

జీడిమెట్ల_జాంబీ | రాత్రి 10:20

నేను ఒంటరిగా ఆడతాను, తమ్ముళ్ళూ లేరు, బావమరుదులూ లేరు. అందుకే జాంబీకి ఫుల్ ఐరన్ తొడిగి కొట్టాను. డైమండ్ కత్తితో 3.22 వచ్చింది, మీ 3.78 కాదు. గుంపుగా పెట్టిన పక్క జాంబీలకి కూడా కొంచెం కొంచెం పోతోంది, వాటిని నేను ముట్టుకోనే లేదు. పంతులు గారి లెక్కే తప్పేమో అని డౌట్.

నెదర్_నాగన్న | రాత్రి 10:34

జాంబీకి పుట్టుకతోనే 2 ఆర్మర్ పాయింట్లు ఉంటాయి అన్నా. బట్టలు లేకున్నా ఉంటాయి. నువ్వు ఐరన్ తొడిగితే 17 అయింది. 17లోంచి 3.5 తీస్తే 13.5, 54 శాతం ఆగింది, 46 శాతం పడింది. 7లో 46 శాతం 3.22. లెక్క సరిగ్గానే పని చేసింది, వేరే మనిషి మీద చేసింది.

పక్క జాంబీలది స్వీప్. నేల మీద నిలబడి, పరిగెత్తకుండా, నిండిన బార్‌తో కత్తి తిప్పితే చుట్టుపక్కల వాళ్ళకి కూడా తగులుతుంది. ఉత్త ఆయుధం డ్యామేజ్ మాత్రమే కావాలంటే ఐరన్ గోలెమ్ మీద చూడు. 100 ప్రాణం, ఆర్మర్ సున్నా. కాకపోతే అది తిరిగి కొడుతుంది, కొట్టే ముందు దానికి ఏఐ ఆపేయి.

జీడిమెట్ల_జాంబీ | రాత్రి 10:51

గోలెమ్ మీద 7 అంటే 7, చుక్క తేడా లేదు. ఏఐ ఆపే ముందే మొదటి దెబ్బ వేశాను, ఆ తర్వాతి సంగతి చెప్పను.

అర్ధరాత్రి_బిర్యానీ | రాత్రి 11:30

మా గల్లీలో కరెంట్ పోయి వచ్చింది, అంతలోకి ఇంత చర్చా? ఒక మాట అడుగుతా. బార్ నిండే దాకా ఎవడు ఆగుతాడు? కొట్లాటలో టెన్షన్‌కి అందరం దబదబా కొడతాం. ఆ లెక్క చెప్పండి.

లెక్కల_పంతులు | మంగళవారం, ఉదయం 6:50

దబదబా కొట్టేవాడికి జావాలో రెండు దెబ్బలు తగులుతాయి, రెండూ వాడికే.

గొడ్డలి బార్ సగం నిండినప్పుడు కొట్టావనుకో. బలం సగం ఉండదు, సుమారు 42 శాతమే ఉంటుంది, ఎందుకంటే అది వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 9 కాస్తా 3.78 అయింది. ఇది మొదటి దెబ్బ. ఇప్పుడు దెబ్బ చిన్నదైంది కాబట్టి ఐరన్ ఎక్కువ ఆపుతుంది. లోపలికి పోయేది 1.80. ఇది రెండోది. ఆగి కొడితే 5.22 పడే చోట, అదే సమయంలో రెండుసార్లు తొందరపడి కొడితే వచ్చేది 3.60.

ఇంకోటి. దెబ్బ తగిలాక అర సెకను, అంటే 10 టిక్కులు, ఆ మనిషికి మరో దెబ్బ పూర్తిగా ఎక్కదు. ఆ లోపల అంతకంటే పెద్ద దెబ్బ పడితే తేడా మాత్రమే పోతుంది. సమానమో చిన్నదో అయితే అసలు లెక్కలోకే రాదు. మన వాళ్ళు కొట్టినా తగల్లేదు, సర్వర్ లాగ్ అని తిట్టుకునే సందర్భాల్లో చాలావరకు ఇదే.

సైదాబాద్_స్టీవ్ | ఉదయం 9:15

మైనర్ సర్వర్‌లోనే ఆడతాను, కత్తి బ్యాచ్. మీ పరీక్షలన్నీ నేల మీద నిలబడి చేసినవే. నిజం కొట్లాటలో ఎవరం నిలబడం, గెంతుతూ దిగేటప్పుడు కొడతాం. క్రిట్ అంటే ఒకటిన్నర రెట్లు. రెండింటికీ ఒకటిన్నరే కాబట్టి తేడా ఏమీ మారదనుకుంటున్నా. కరెక్టేనా?

లెక్కల_పంతులు | మధ్యాహ్నం 1:20

ఆర్మర్ లేనివాడి మీద కరెక్టే. ఐరన్ మీద కాదు. కత్తి క్రిట్ 10.5, లోపలికి పోయేది 6.41. మామూలు 3.78తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు 1.7 రెట్లు. గొడ్డలి క్రిట్ 13.5, పోయేది 9.05. కత్తికి 4 దెబ్బలు చాలు, 1.875 సెకన్లు. గొడ్డలికి 3 దెబ్బలు, 2 సెకన్లు. గొడ్డలి రెండో క్రిట్‌కి నీ దగ్గర మిగిలేది 1.91. పాపం, ఈసారి చిల్లర గొడ్డలి వాళ్ళని ముంచింది.

డైమండ్ మీద క్రిట్లు: కత్తి 3.20, 7 దెబ్బలు, 3.75 సెకన్లు. గొడ్డలి 4.52, 5 దెబ్బలు, 4 సెకన్లు.

క్రిట్ పడాలంటే కిందికి దిగుతూ ఉండాలి, బార్ దాదాపు నిండి ఉండాలి, పరుగు ఆపి ఉండాలి. పరిగెత్తుతూ వస్తే ఎగిరి పడుతూ కొట్టినా క్రిట్ కాదు. షార్ప్‌నెస్ కలిపే డ్యామేజ్‌కి క్రిట్ ఒకటిన్నర రెట్లు వర్తించదు, అది విడిగా కలుస్తుంది.

సైదాబాద్_స్టీవ్ | మధ్యాహ్నం 1:34

అయితే నేను రికార్డింగ్ చూసుకోవాలి. నేనెప్పుడూ పరిగెత్తుతూనే గెంతుతాను.

కవచకుండలం | సాయంత్రం 6:05

కత్తి, గొడ్డలి అని కొట్టుకుంటున్నారు, గద సంగతి ఎవరూ ఎత్తరేం? 2024 జూన్‌లో 1.21తో వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి మా పిల్లలతో పోయినప్పుడల్లా అక్కడి కవచాల ముందు చాలాసేపు నిలబడతాను. ఇనుప కడియాలు అల్లిన కవచాన్ని కత్తి అంచు కోయలేదు. గదకి కోయాల్సిన పని లేదు, బరువు కవచం దాటి ఎముకకి తగులుతుంది. గేమ్ వాళ్ళు కూడా అదే పట్టుకున్నట్టున్నారు, ఎత్తు నుంచి దూకి గదతో కొడితే డైమండ్ వేసుకున్నవాడు కూడా ఒక్క దెబ్బకి పోవడం చూశాను. ఇది మోసం అనిపిస్తుంది, 1.8 మనిషిని కదా.

నెదర్_నాగన్న | సాయంత్రం 6:40

మోసం కాదు అన్నా, పంతులు గారు చెప్పిన అడుగు లెక్కే. గద మామూలు దెబ్బ 6. పడుతూ కొడితే మొదటి 3 బ్లాకులకి బ్లాకుకి 4, తర్వాతి 5 బ్లాకులకి 2 చొప్పున, ఆ పైన బ్లాకుకి 1 కలుస్తుంది. 8 బ్లాకుల ఎత్తు నుంచి, క్రిట్ సంగతి పక్కన పెట్టినా 28. ఐరన్ 24 దగ్గరే చేతులెత్తేస్తుంది కదా, ఇక 12 శాతమే ఆపగలదు. 28లో 24 పైనే లోపలికి పోతుంది, మనిషి దగ్గర ఉన్నది 20.

దీని మీద బ్రీచ్ అనే ఎన్‌చాంట్‌మెంట్ కూడా ఉంది. ఆర్మర్ ఆపే శక్తిని లెవెల్‌కి 15 శాతం తగ్గిస్తుంది, నాలుగో లెవెల్‌లో 60. నీ మ్యూజియం గదకి సరిగ్గా అతుకుతుంది. కానీ గద చేయాలంటే హెవీ కోర్ కావాలి, అది ట్రయల్ ఛాంబర్లలో ఆమినస్ వాల్ట్‌లోంచి రావాలి, అది కూడా అదృష్టం ఉంటేనే. శనివారం కొట్లాటకి ప్రతివాడి దగ్గరా ఉండదు.

మలక్‌పేట్_మైనర్ | రాత్రి 9:20

మా సర్వర్‌లో గద బ్యాన్ చేశాం. ఒకడు కొండ మీద నుంచి దూకి వరసపెట్టి అందరినీ చంపాడు, ఆ రోజు నుంచి.

ఇంకో కొత్త సమస్య. గొడ్డలి పరీక్షల మధ్యలో తమ్ముడి హెల్మెట్ విరిగింది, వాడు చెప్పలేదు. నంబర్లు ఒక్కసారిగా పెరిగేసరికి కమాండ్ పాడైందనుకున్నాం. కత్తితో ఇంతకంటే ఎక్కువే కొట్టాం, ఏమీ కాలేదు.

లెక్కల_పంతులు | రాత్రి 9:44

ఆర్మర్ అరిగేది పడ్డ దెబ్బని బట్టి, లోపలికి పోయినదాన్ని బట్టి కాదు. దెబ్బని 4తో భాగించి, పూర్ణాంకం మాత్రం తీసుకో. కనీసం 1. కత్తి 7కి 1, గొడ్డలి 9కి 2. అంటే గొడ్డలి ప్రతి దెబ్బకీ నాలుగు ముక్కలూ రెండేసి అరుగుతాయి. ఐరన్ హెల్మెట్‌కి మొత్తం 165, బూట్లకి 195, ప్యాంటుకి 225, ఛాతీ కవచానికి 240. అందుకే హెల్మెట్ ముందు పోయింది. విరిగే క్షణం దాకా మాత్రం పూర్తి బలంతోనే ఆపుతుంది, పాతబడితే తగ్గడం ఉండదు. పరీక్ష మొదలుపెట్టే ప్రతిసారీ కొత్త సెట్ ఇవ్వండి, క్రియేటివ్ మోడ్‌లో ఏమన్నా పైసలా?

ఎల్బీనగర్_ఎండర్ | రాత్రి 10:10

ఇది గొడ్డలికి లాభమే కదా? సర్వైవల్ సర్వర్‌లో అవతలి వాడి సెట్ రెండు రెట్లు వేగంగా అరిగిపోతుంది.

నెదర్_నాగన్న | రాత్రి 10:16

దెబ్బకి రెండు రెట్లు. సెకనుకి చూస్తే 2కి 1.6. నీ సెకన్ల లెక్క ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది, ఆర్మర్‌కి 20 ప్రాణం పాయింట్ల పరిమితి లేదు కాబట్టి.

సైదాబాద్_స్టీవ్ | బుధవారం, రాత్రి 8:30

కత్తి బ్యాచ్ తరఫున డిమాండ్: ఉత్త ఐరన్ ఎవరూ వేసుకోరు. అందరికీ ప్రొటెక్షన్ 4 ఎన్‌చాంట్‌మెంట్ ఉంటుంది. దాని మీద పరీక్ష పెట్టాలి.

లెక్కల_పంతులు | రాత్రి 9:02

స్టీవ్, అది తెలివైన డిమాండ్. ప్రొటెక్షన్ ఆర్మర్ లెక్క అయ్యాక మిగిలినదాని మీద పడుతుంది. లెవెల్‌కి 4 శాతం, నాలుగు ముక్కలకీ 4 అంటే 64 శాతం. పరిమితి 80. ఇది దెబ్బ సైజు చూడదు, అందరికీ ఒకే కోత. కత్తి 3.78 కాస్తా 1.36, గొడ్డలి 5.22 కాస్తా 1.88. కత్తికి 15 దెబ్బలు, 8.75 సెకన్లు. గొడ్డలికి 11 దెబ్బలు, 10 సెకన్లు. కొట్లాట ఎంత సాగితే కత్తి వేగం అంత పైకి వస్తుంది. మొదటి దెబ్బ ఉచితం కావడం వల్ల గొడ్డలికి వచ్చిన లాభం అంత పొడుగు కొట్లాటలో కరిగిపోతుంది.

నిలబడి కొట్టుకుంటే మాత్రమే సుమా. 15 దెబ్బలు తగిలించడం, 11 తగిలించడం ఒకటి కాదు. గురి సరిగా లేనివాడికి, నెట్ సరిగా లేనివాడికి తక్కువ దెబ్బలే నయం.

మలక్‌పేట్_మైనర్ | రాత్రి 9:25

నాకు గురీ లేదు, నెట్టూ లేదు. గొడ్డలే.

కానీ స్టీవ్ గాడు షీల్డ్ ఎత్తుకుని తిరుగుతాడు. ముందు నుంచి కొడితే ఏ నంబరూ పడదు. అప్పుడు ఈ లెక్కలన్నీ గంగలో కలిసినట్టేనా?

నెదర్_నాగన్న | రాత్రి 9:40

షీల్డ్ మీద గొడ్డలి తగిలితే 5 సెకన్లు షీల్డ్ పనిచేయదు. కత్తికి ఆ వరం లేదు. షీల్డ్ ఎత్తిన వెంటనే కూడా అడ్డం పడదు, పావు సెకను పడుతుంది, ఆ సందులో కూడా దూరొచ్చు. నేనైతే రెండూ పెట్టుకుంటాను. గొడ్డలితో షీల్డ్ దించి, కత్తికి మారతాను. ఆ 5 సెకన్లలో కత్తి 8 దెబ్బల దాకా వేయగలదు. ఆయుధం మార్చగానే బార్ సున్నా నుంచి మొదలవుతుంది, అది గుర్తుపెట్టుకుని ఒక అరక్షణం ఆగి కొట్టు.

సైదాబాద్_స్టీవ్ | రాత్రి 9:43

నాగన్నా, నువ్వు ఎవరి బ్యాచ్?

మలక్‌పేట్_మైనర్ | రాత్రి 9:50

హాట్‌బార్‌లో 1లో గొడ్డలి, 2లో కత్తి పెట్టాను. తమ్ముడికి షీల్డ్ ఇచ్చి ఇప్పుడే నిలబెడుతున్నా, హెల్మెట్ కొత్తదే. నంబర్లు వచ్చాక ఇక్కడే వేస్తా.